బొప్పాయి కాడల కొవ్వొత్తులు

మొన్న ఆదోనిలో మా పక్కింటివాళ్ళు ప్రహరీ మీదికి వాలుతోందని బొప్పాయి చెట్టు కొట్టించారు. కాయలు ఎవరికి కావలసినవి వాళ్ళు ఏరుకుపోయారు. ఆకులూ కాడలూ వీధిలో కుప్పగా పడి ఉన్నాయి. పాలకోసం బయలుదేరినదాన్ని ఆగి, వాటిలో బారుగా ఉన్న కాడ ఒకటి తీసి, ఆకు తుంచేసి, ఒక కన్ను మూసుకుని కాడలోంచి అవతలికి చూశాను. అవతల చివర పక్కింటాయన గుండ్రంగా, చిన్నగా కనిపించాడు. రిటైరైన హెడ్మిస్ట్రెస్ పొద్దున్నే నడివీధిలో నిలబడి బొప్పాయి కాడలోంచి తనవైపు చూస్తుంటే ఎవరికైనా గుండె జారుతుంది. ఏం చూస్తున్నారు మేడం అని అడిగాడు పాపం. కాడ లోపలి గోడ నున్నగా ఉందా లేదా అని చూస్తున్నానని ఉన్న మాటే చెప్పాను. దాంతో ఆయన భయం ఇంకాస్త పెరిగింది. ఆ కాడను జానెడు ముక్కలుగా కోసి, అడుగు మూసి, కరిగిన మైనం పోస్తే ఎంత చక్కటి కొవ్వొత్తి వస్తుందో ఆయనకు చెప్పాలంటే మా అక్క పెళ్ళి మొత్తం చెప్పాలి. పాలకు పోయే మనిషికి అంత తీరిక ఎక్కడిది? మీకు ఉందనుకుని చెబుతున్నాను.

డెబ్బైల చివరి మాట. అప్పుడు మేం ఎమ్మిగనూరులో ఉండేవాళ్ళం. మా నాయన నేతగాడు. ఇంట్లో అడుగు పెట్టగానే కుడివైపు మగ్గం గుంట, ఎడమవైపు గోడకు సిలువ, మధ్యలో మిగిలిన జాగాలో మా నలుగురి సంసారం. అమ్మ హొళగుంద వైపు మనిషి. కోపం వస్తే కన్నడంలోకి, ప్రార్థనకు కూర్చుంటే తెలుగులోకి మారేది. దేవుడికి కన్నడం రాదా అని నేను అడిగితే, దేవుడి మీద కోపం లేదు కాబట్టి తెలుగు చాలంది. అక్క పేటలోని చిన్న బడిలో టీచరు. నేను టీచరు ట్రైనింగులో సీటు రాక, ఏ పనీ కుదురుగా చేయలేదన్న పేరు తెచ్చుకుని ఇంట్లో ఉన్నాను. ఇరవై ఏళ్ళ వయసు, దానికి తగ్గ పొగరు.

నాయన మగ్గం దిగి అప్పటికి రెండేళ్ళయింది. రెండు కళ్ళకూ పొరలు కమ్మాయి. ఆదోని డాక్టరు చూసి, ఇంకా ముదరలేదు, ముదిరాక ఆపరేషన్ చేస్తానన్నాడు. కళ్ళేమన్నా సీతాఫలాలా ముదిరేదాకా ఆగడానికి అని అమ్మ డాక్టరును తిట్టింది, కన్నడంలోనే. పగటిపూట నాయనకు లోకమంతా తెల్లటి పొగమంచు. ఎండ ఎక్కితే ఎదురుగా ఉన్న మనిషి కూడా తెలిసేది కాదు. చిత్రం ఏమిటంటే, చీకటి పడ్డాక ఎక్కడైనా ఒక చిన్న దీపం ఉంటే చాలు, దాన్ని పట్టుకునేవాడు. కిరసనాయిలు బుడ్డి ఏ గూట్లో ఉందో, ఏ పక్కకు జరిపామో కూర్చున్నచోటి నుంచే చెప్పేవాడు. అదే పెద్ద వెలుతురైతే మళ్ళీ పొగమంచే.

అక్కకు ఆదోని సంబంధం కుదిరింది. బావ ఒక జిన్నింగు ఫ్యాక్టరీలో గుమాస్తా. పత్తి ముమ్మరంగా వచ్చే చలికాలంలో వాళ్ళకు సెలవు దొరకడం కష్టం. ఎలాగో క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్య రెండు రోజులు దొరికాయి. పెళ్ళి మా పేట చర్చిలో. మా పద్ధతిలో పెళ్ళికూతుర్ని కన్నతండ్రి తలుపు దగ్గర నుంచి, ప్రార్థన జరిపించే అయ్యగారు నిలబడే మెట్టు దాకా నడిపించుకుని పోయి, పెళ్ళికొడుకు చేతిలో చెయ్యి పెట్టాలి. చర్చిలో బెంచీలు లేవు. చాపల మీద ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చుంటే మధ్యలో దారి మిగిలేది. తలుపు నుంచి మెట్టు దాకా నలభై అడుగులు. ఆ నలభై అడుగుల దగ్గరే మా ఇంట్లో అందరికీ నిద్ర పట్టకుండా పోయింది. నాయన బదులు చిన్నాయన నడిపిస్తాడని అమ్మ అంది. కాదంటే నాయన రెండో చెయ్యి ఎవరైనా పట్టుకుంటారంది. నాయన అన్నీ విని నెమ్మదిగా ఒక్కటే చెప్పాడు.

"బిడ్డను నేను తోడుకోని పోవల్ల. నన్నే ఒగరు తోడుకోని పోతే ఇంగ నేనెందుకు ఆడ?"

ఆ తర్వాత రెండు రోజులు ఆయన సరిగా అన్నం తినలేదు. మూడో రోజు అక్క ఉపాయం చెప్పింది. పెళ్ళి పొద్దు మునిగాక పెట్టుకుందాం. దారికి రెండు పక్కలా కొవ్వొత్తులు వరుసగా నిలబెడదాం. రెండు వరుసల మధ్య నడిస్తే దారి తప్పడానికి వీల్లేదు. వరుసలు ఎక్కడ ఆగిపోతే అక్కడ ఆగాలి. నాయన ముఖం అప్పుడు చూడాలి మీరు. వెంటనే, ఎంత ఎత్తులో పెడతారు, ఎన్ని అడుగులకొకటి పెడతారు అని పడుగు లెక్క వేసినట్టు వేయడం మొదలుపెట్టాడు.

చిక్కు మగపెళ్ళివారి నుంచి వచ్చింది. బావ వాళ్ళ నాయన మాటకు పెద్ద, చేతికీ పెద్దే. ఆదోని నుంచి రెండు గ్యాసు లైట్లు తెస్తామని, బుస్సుమని మండే ఆ లైట్ల కింద పెళ్ళి పట్టపగల్లా ఉంటుందని కబురు పెట్టాడు. మేం వద్దన్నాం. మా లైట్లు మీకు నామోషీనా అని ఆయనకు కోపం వచ్చింది. పెళ్ళి మాటలు అక్కడిదాకా వచ్చి బిగుసుకున్నాయి. చివరికి అక్కే, పెళ్ళికూతురు మాట్లాడకూడదన్న కట్టుబాటు పక్కనపెట్టి, కాబోయే మామతో ఎదురుగా మాట్లాడింది. "మామా, ఆ లైట్ల వెలుగులో మా నాయనకు నేను గూడా కనపడను" అంది. మరుసటి వారం ఆయన ఆదోని బజారు నుంచి పెద్ద మైనపు పలక గోనెసంచిలో చుట్టి బస్సులో పంపించాడు. లైట్ల మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తలేదు గానీ, పెళ్ళినాడు ఎందుకైనా మంచిదని వాటిని వెంట తెచ్చుకున్నాడు.

కొవ్వొత్తుల పని నా నెత్తిన పడింది. కొందామంటే మా బజారులో దొరికేవి వేలి పొడవున్న సన్నటి పుల్లలు. పెళ్ళి సగంలోకి రాకముందే అయిపోతాయి. పేటలో ఎవరో చెప్పిన ఉపాయమే బొప్పాయి కాడ. వీధి చివర అవ్వ ఇంటి చెట్టు నుంచి రోజుకు నాలుగైదు కాడలు కోసుకొచ్చేదాన్ని. అడుగున జొన్నపిండి ముద్దతో మూసి, మధ్యలో వత్తి దించి, పైన చీపురుపుల్లకు కట్టి, ఇసుక నింపిన బక్కెట్లో నిలబెట్టి మైనం పోసేదాన్ని. చలికి అరగంటలో గడ్డకట్టేది. కాడను నిలువునా చీలిస్తే లోపలి నుంచి తెల్లగా, సన్నటి గీతలతో కొవ్వొత్తి బయటికొచ్చేది. అమ్మ వాటిని పసిపిల్లలను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని చాటలో పడుకోబెట్టేది. నాయన మగ్గం దిగాక పనిలేక మూలపడిన, నూలు చుట్టే చెక్క కండెలు వాటికి నిలబెట్టుకునే కాళ్ళయ్యాయి. అడుగున మట్టి మూకుడు, మూకుడులో ఇసుక, ఇసుకలో కండె, కండె మీద కొవ్వొత్తి. బావ ఒకసారి వచ్చినప్పుడు వాటి చుట్టూ ఆదోని పత్తి పెడితే మంచు కురిసినట్టు ఉంటుందన్నాడు. ఫ్యాక్టరీలో పత్తికి నిప్పు అంటుకోవడం చూసిన మనిషి ఆ మాట ఎలా అన్నాడో గానీ, పెళ్ళి సంబరంలో ఉన్నాడని వదిలేశాం. చుట్టూ జొన్న కంకులు పెట్టి, వాటికి నీళ్ళు చల్లుదామని తీర్మానించుకున్నాం.

రంగు వేయబోయి భంగపడిన సంగతి కూడా చెప్పాలి. నూలుకు అద్దే ఎర్రరంగు చిటికెడు తెచ్చి కాగుతున్న మైనంలో వేశాను. ఎంత కలిపినా కలవలేదు. అడుగున ఇటుకపొడిలా పేరుకుంది. ఆ రంగు అంటుకున్న నా వేళ్ళు మాత్రం పెళ్ళి ఫోటోల్లో కూడా ఎర్రగానే ఉన్నాయి. గోరింటాకనుకుని బావ వాళ్ళ చెల్లెలు బాగా పండిందని మెచ్చుకుంది. నేనూ కాదనలేదు.

ఇక వత్తి. అది నేను చేస్తానన్నాడు నాయన. చూపుతో పనిలేదు, వేళ్ళకు తెలుస్తుందన్నాడు. మగ్గం దిగిన రోజు దాని మీద మిగిలిన తెల్లటి పడుగు నూలు మూటగట్టి అటక మీద దాచుకున్నాడు. ఆయన నేసిన చివరి పడుగు అది. మూట దించమని, ఒడిలో పెట్టుకుని, ఎనిమిదేసి పోగులు కలిపి తొడ మీద పేనుతూ పది రోజులు కూర్చున్నాడు. ఒక్కో వత్తి వంక లేకుండా వచ్చేది. రెండేళ్ళుగా అరుగు మీద ఊరికే కూర్చున్న మనిషి, పొద్దున లేచి ముఖం కడుక్కుని పనికి కూర్చుంటుంటే అమ్మ గొంతు కూడా మారిపోయింది. నేను ఒకటి వెలిగించి చూద్దామన్నాను. పెళ్ళికి చేసినవి పెళ్ళికి ముందే ఎవరైనా వెలిగిస్తారా అంది అమ్మ. నా నూలుకు పరీక్షా అన్నాడు నాయన. ఇద్దరూ ఒక మాట మీద ఉండటమే అరుదు, అలాంటప్పుడు ఎదురు చెప్పడం ఎందుకని ఊరుకున్నాను.

పెళ్ళికి ముందురోజు పొద్దున, అరవై కొవ్వొత్తులు చాటల్లో వరుసగా ఉన్నాయి. అమ్మ కూరగాయలకు పోయింది. అక్కకు పసుపు రాయడానికి పక్కింటివాళ్ళు తీసుకుపోయారు. నాయన బయట అరుగు మీద వీపు ఎండకు పెట్టుకుని కూర్చున్నాడు. నాకు చెయ్యి ఆగలేదు. ఒకటి తీసి వెలిగించాను. మొదట బాగానే అంటుకుంది. ఒక నిమిషం వెలిగి, మంట కుంగి, వత్తి చివర నల్లటి గింజ కట్టి, చిటచిటమని ఆరిపోయింది. మళ్ళీ వెలిగించాను, మళ్ళీ ఆరిపోయింది. ఇంకొకటి తీశాను. అదీ అంతే. ఐదోదీ ఆరిపోయింది. రేపు సాయంత్రం నాయన తలుపు దగ్గర అక్క చెయ్యి పట్టుకుని నిలబడి ఉండగా, దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే ఆయన ఎక్కడ అడుగు వేస్తాడు? అంతకన్నా ముందు, తప్పు నీ వత్తులదేనని ఆయనకు ఎవరు చెబుతారు? అబద్ధం ఆడాలనే తీర్మానించుకున్నాను. మైనంలో కల్తీ ఉందని చెప్పి, నేరం ఆదోని బజారు మీదికి తోసేద్దామనుకున్నాను.

ఆ అవకాశం ఆయన నాకివ్వలేదు. అరుగు మీద నుంచే అడిగాడు.

"గంజి మాడిన వాసన వస్తాంది. ఎవురమ్మా నూలు కాలుస్తాండేది?"

ఏమీ లేదు నాయనా అన్నాను. ఆయన గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు. చెయ్యి చాపాడు. ఆరిపోయిన కొవ్వొత్తి ఒకటి ఇవ్వక తప్పలేదు. వత్తి చివరి నల్లటి గింజను వేళ్ళతో నలిపి, వాసన చూసి, మగ్గం గుంట గట్టు మీద కూర్చున్నాడు. మైనం మంచిది కాదేమో అని నేను గొణిగాను. నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అప్పుడు ఆయన భుజాలు కదలడం చూసి ఆయనా ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు.

"మైనాన్ని అనద్దు. తప్పు నాది. ముప్పై ఏండ్లు నూలుకు గంజి పెట్టేదే నేర్చినా గానీ, తీసేది యాడ నేర్చినా?"

నేత తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. పడుగు నూలు మగ్గమెక్కాలంటే ముందు వీధి పొడవునా సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వాలి. గంజి లేకపోతే పోగు మగ్గం మీద నిలవదు, తెగిపోతుంది. నాయన జీవితమంతా ఎవరి నూలు చూసినా మొదట అడిగే మాట, గంజి బాగా పట్టిందా అనే. అలాంటి మనిషికి గంజి వల్ల నూలు చెడుతుందన్న ఊహే రాలేదు. గంజి పట్టిన పోగు నీళ్ళనే తొందరగా తాగదు, ఇక కరిగిన మైనాన్ని ఎలా పైకి లాక్కుంటుందని ఆయనే నాకు విడమరిచి చెప్పాడు. చెబుతూనే లేచి నిలబడ్డాడు. నీళ్ళు కాచమన్నాడు. చాకలి సోడా ఎక్కడుందన్నాడు. తప్పు ఎక్కడుందో తెలిసిపోయిన మనిషికి ఉండే హుషారు ఆయనలో చూసి, నాకు ఎంత తేలికైందో చెప్పలేను.

మూటలో ఇంకా నూలు మిగిలింది. సోడా వేసిన వేడినీళ్ళలో నానబెట్టి, పిసికి, మూడుసార్లు జాడించాం. ప్రతిసారీ ఆయన ఒక పోగు తీసి నాలుక మీద పెట్టుకుని చూసేవాడు. రెండుసార్లు ఇంకా ఉందన్నాడు. మూడోసారి తల ఊపాడు. కూరగాయల బుట్టతో వచ్చిన అమ్మ, పెళ్ళి ముందురోజు తండ్రీకూతుళ్ళు నూలు తినడం చూసి గడపలోనే నిలబడిపోయింది. సంగతి విని, కన్నడంలో నాలుగు మాటలని, తనే పోయి పొయ్యి కింద కట్టె ఎగదోసింది. మధ్యాహ్నం ఎండకు నూలు ఆరబెట్టి, సాయంత్రానికి నాయన మళ్ళీ పేనాడు. ఆయన అన్నం తిన్నంతసేపు నేనూ మూడు పేనాను. అరవై కొవ్వొత్తుల్ని మళ్ళీ కరిగించాం. కాడల దగ్గర మళ్ళీ చిక్కు. అవ్వ చెట్టును అప్పటికే బోడిగుండు చేసి పెట్టాను. చీల్చి పారేసిన కాడల్లోనే కాస్త మంచివి ఏరి, చీలిక కనపడకుండా దారంతో బిగించి కట్టి, పెళ్ళినాడు పొద్దున వాటిలోనే పోశాను. ముప్పై వచ్చాయి. ఒక పక్క అతుకుతో, కాస్త వంకరగా ఉన్నాయి. ఒకటి వెలిగించి చూశాం. ఈసారి అమ్మ కాదనలేదు. ముగ్గురం దాని ముందు కూర్చుని, అది సగం కాలేదాకా లేవలేదు.

సాయంత్రం చర్చిలో ఇంకో వింత. రోజూ పొద్దు మునగగానే పోయే కరెంటు ఆ పూట పోలేదు. మా చర్చికి ఉన్న నాలుగు బల్బులూ మునుపెన్నడూ లేనంత దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. నాయన అక్క చెయ్యి పట్టుకుని తలుపులో నిలబడి, కళ్ళు చిట్లించి అటూ ఇటూ చూస్తున్నాడు. ఆయనకు పొగమంచు తప్ప ఏమీ కనపడటం లేదని నాకు తెలుసు. బల్బులు ఆర్పమని అడగాలంటే, వెలుగుతున్న దీపాలు పెళ్ళిలో ఆర్పడం ఏమిటని అయ్యగారు తటపటాయిస్తున్నారు. అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి బావ వాళ్ళ నాయన లేచాడు. ఎవరినీ అడగలేదు. గోడ దగ్గరికి పోయి నాలుగు స్విచ్చులూ వరుసగా కిందికి నొక్కి, వచ్చి తన చోట కూర్చున్నాడు.

చర్చి చీకటైంది. చీకట్లో వెలుగుతున్న కొవ్వొత్తుల రెండు వరుసలు మిగిలాయి. నాయన ముఖం కుదుటపడింది. అక్క చేతిని తన చేతి కింద పెట్టుకుని మొదటి అడుగు వేశాడు. అక్క ఆయనకన్నా అర అడుగు వెనకే ఉంది, కావాలనే. నేను తలుపు పక్కన అగ్గిపెట్టె పట్టుకుని నిలబడ్డాను. ఆయన పంచె అంచు మూకుళ్ళకు తగులుతుందేమోనని కొంతసేపు, వత్తులు ఆరిపోతాయేమోనని కొంతసేపు, ఆ వరుసల మీంచి చూపు తిప్పలేదు. సగం దూరం చేరకముందే ఎడమవైపు ఒకటి కుంగి ఆరిపోయింది. ఆయన ఒక క్షణం ఆగాడు, మళ్ళీ నడిచాడు. వరుసలు ముగిసిన చోట, సరిగ్గా అక్కడే ఆగి, అక్క చెయ్యి తీసి ముందుకు చాపాడు. బావ అందుకున్నాడు. చాపల మీద ఎవరో ఆడమనిషి ముక్కు చీదింది. మా అమ్మేనని తర్వాత తెలిసింది.

ప్రార్థనలు, ఉంగరాలు, పాటలు అయిపోయాక చర్చి ముందు పందిట్లో నాయనను కూర్చోబెట్టారు. నేను మంచినీళ్ళు తీసుకుపోయి ఇచ్చాను. ఎలా నడిచావు నాయనా అని అడగాలని ఉంది, అడగలేదు. నిజంగా దీపాలు కనపడ్డాయా, అలవాటు మీద అడుగులు లెక్కపెట్టుకుని పోయాడా, పోనీ అక్కే మెల్లగా నడిపించి మాకెవరికీ చెప్పకుండా దాచిందా, అదే నా లోపల తిరుగుతోంది. ఆయన నీళ్ళు తాగి చెంబు ఇస్తూ అన్నాడు.

"ఎడమపక్క ఆరోది ఆరిపోయింది. అది నువ్వు పేనిందే గదా?"

ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పేంత సమయమూ ఎవరికీ లేదు. నేను చెంబు కింద పెట్టి, పెళ్ళిపందిట్లో అందరి ముందూ ఆయన మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాను. వత్తి పాడు చేసినందుకు ఏడుస్తున్నాననుకుని, దానికేముందిలే, నేర్చుకుందువులే అని ఆయన నా తల నిమిరాడు.

ఆ వేసవిలో పొరలు ముదిరాయని డాక్టరు ఆపరేషన్ చేశాడు. సీసా అడుగంత మందపు అద్దాలతో నాయన మళ్ళీ మగ్గమెక్కి, ఎనభైల్లో చాలాకాలం నేశాడు. అక్క పిల్లలను ఎత్తుకున్నాడు, బావ వాళ్ళ నాయనతో కూర్చుని పులిజూదం ఆడాడు, నా ఉద్యోగం చూశాడు. ఇప్పుడు నా వయసు ఆనాటి ఆయన వయసు దాటి చాలా దూరం వచ్చింది. ఆ పెళ్ళిలో ఎవరేం కట్టుకున్నారో, ఏం వడ్డించామో, ఏం పాటలు పాడామో ఒక్కొక్కటే మరపులోకి జారిపోయాయి. ఆ నలభై అడుగులు మాత్రం, కాలానికి తొందరేమీ లేనట్టు, ఆయన నడిచినంత నిదానంగానే ఇంకా నా ముందు సాగుతున్నాయి.